ఏటుపడిన లేడి జాడ: పరీక్షిత్తు కథలో వేట, వేగిరపాటు, బాధ్యత

పరీక్షిత్తు శాపవృత్తాంతం అనగానే మనకు మూడు విషయాలు గుర్తుకు వస్తాయి: మౌనవ్రతంలో ఉన్న శమీకుడు, ఆయన మెడలో వేసిన చచ్చిన పాము, శృంగి శాపంలోని ఏడు దినాల గడువు. ఈ మూడింటికీ ముందు నాలుగో విషయం ఒకటి ఉన్నది. రాజు అమ్ము తగిలినా చావక అడవిలోకి పారిపోయిన లేడి అది. భారతకథలో రాజు ముని ఎదుట నిలబడి అడిగే ప్రశ్న ఆ లేడిని గురించినదే. ముని మాట్లాడకపోవడం, రాజు కోపించడం, శాపం, తక్షకుడి కాటు, చివరకు సర్పయాగం, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రానందువల్ల సాగిన పరిణామాలు. అయినా ఈ ఘట్టాన్ని వ్యాఖ్యానించేటప్పుడు కలిప్రభావమనో, విధి అనో, మృగయావ్యసనమనో చెప్పి ముందుకు సాగడం మనకు అలవాటైంది. లేడి ఏమైందని ఎవరూ అడగరు.

ఆ ప్రశ్న అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం. విల్లంబులతో జింకను వేటాడేవారికి రెండు విద్యలు ముఖ్యం. అమ్ము ఎక్కడ తగలాలో తెలియడం మొదటిది. తగిలిన తరువాత జంతువు జాడ పట్టడం రెండోది. ఈ రెండింటినీ పఠనసాధనాలుగా తీసుకొని చూస్తే పరీక్షిత్తు దోషం శమీకుడి ఆశ్రమంలో కాక అంతకు కొంత ముందే, అడవిలో మొదలైందని తెలుస్తుంది. ఆ దోషం పేరు క్రౌర్యం కాదు, వేగిరపాటు. భారతం దాన్ని కథలోనే నిలిపింది. భాగవతం దాన్ని తప్పించింది. ఈ తేడా రెండు గ్రంథాల ధర్మదృష్టిని విడదీసి చూపుతుంది.

వర్ణనాంశంగా మృగయ

కావ్యశాస్త్రంలో వేటకు దక్కిన స్థానం స్థిరమైనది కాదు. దండి కావ్యాదర్శంలో మహాకావ్య వర్ణనాంశాలను లెక్కించినప్పుడు మృగయను పేర్కొనలేదు. విశ్వనాథుడి సాహిత్యదర్పణం నాటికి అది జాబితాలో చేరింది. తెలుగు ప్రబంధంలో వేట ఒక విస్తృతమైన వర్ణనావకాశం అయింది. మనుచరిత్రలో స్వరోచి వేటలోనూ, కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేటలోనూ కవి చూపు వేట సన్నాహంపైనా, మూక సందడిపైనా విస్తారంగా నిలుస్తుంది. అలాంటి వేటలో ఒక్క జంతువు, ఒక్క అమ్ము, ఒక్క వేటకాడు అనే సంబంధం వెనక్కి పోవడం సహజం. మృగయావర్ణన అనే వర్గీకరణకు అలవాటుపడిన విమర్శ పురాణ, ఇతిహాస ఘట్టాలలోని వేటను కూడా అలంకారంగానో రంగసజ్జగానో చూసే ప్రమాదం ఇక్కడే ఉన్నది.

ధర్మశాస్త్ర దృష్టి మరొకటి. మనుస్మృతి కామజ వ్యసనాలు పదింటిలో మృగయను మొదట చెప్పి, మిక్కిలి కష్టమైన నాలుగింటిలోనూ దాన్ని చేర్చింది. కౌటిల్యుడు మాత్రం వేటను జూదంతో పోల్చి, వేటలోని గుణాలను ఎత్తిచూపాడు. శరీరవ్యాయామం, కదిలే గురినీ కదలని గురినీ కొట్టే అభ్యాసం, కోపంలోనూ భయంలోనూ జంతువు మనసు ఎలా ఉంటుందో తెలియడం అతడు చెప్పిన గుణాలలో కొన్ని. శాకుంతలం రెండో అంకంలో సేనాపతి మాటలలో ఈ వాదమే వినిపిస్తుంది. ఇందులో జంతువు మనసు తెలియడం అన్నది ప్రత్యేకంగా గమనించదగినది. వేటను జ్ఞానరూపంగా మన శాస్త్రకారులే గుర్తించారనడానికి ఇది ఆధారం. కనుక ఆ జ్ఞానంతో కావ్యఘట్టాన్ని చదవడం బయటి కొలమానాన్ని తెచ్చి రుద్దడం కాదు.

అమ్ము తగిలే చోటు

తుపాకి గుండుకూ అమ్ముకూ చంపే తీరులో భేదం ఉన్నది. వేగంగా దూసుకువచ్చే గుండు తాను పోయిన దారికి చుట్టుపక్కల ఉన్న శరీరభాగాలను కూడా ఛిద్రం చేస్తుంది. అమ్ము అలా చేయదు. దాని ములికి రక్తనాళాలను కోస్తుంది. నెత్తురు పోవడం వల్లనే జంతువు చనిపోతుంది. అందువల్ల అమ్ముతో వేటాడేవాడికి జంతువును కొట్టగలగడం ఒక్కటే చాలదు, ఎక్కడ కొట్టాలన్నది ప్రాణప్రశ్న. అమెరికాలో తెల్లతోక జింకను విల్లుతో వేటాడేవారికి నేర్పే మొదటి పాఠం ఇదే. జింక పక్కకు తిరిగి నిలబడినప్పుడు, ముందుకాలికి కాస్త వెనుకగా, ఛాతీ ఎత్తులో కింది మూడోవంతు ప్రాంతంలో గుండె, దాని పైన, వెనుక ఊపిరితిత్తులు ఉంటాయి. ఊపిరితిత్తులు వెడల్పైనవి కనుక గురి కొంచెం తప్పినా అమ్ము ప్రాణస్థానంలోనే దిగుతుంది. జింక కొద్దిగా అవతలికి తిరిగి ఉన్నా మంచి అదనే, అమ్ము వెనుక పక్కటెముకల నుండి ముందుకు సాగి ఛాతీలోకి చేరుతుంది. ఎదురుగా నిలిచిన జింకనూ, పూర్తిగా వెనుదిరిగిన జింకనూ, పరుగెత్తే జింకనూ కొట్టరాదంటారు. అమ్ము కాస్త వెనక్కి పడితే కాలేయంలోనో పొట్టలోనో దిగుతుంది. అప్పుడు జంతువు చనిపోవడం దాదాపు ఖాయమే, కాని ఆ చావుకు గంటలు పడుతుంది. అమ్ము వదలకుండా ఉండడం కూడా ఈ విద్యలో భాగం. రఘువంశం తొమ్మిదో సర్గలో దశరథుడు ఎక్కుపెట్టిన విల్లును, మగజింకకు అడ్డంగా వచ్చి నిలిచిన ఆడజింకను చూసి దించుతాడు. కాళిదాసు దానికి శృంగారపరమైన కారణం చెప్పాడు. అయినా చేతికి అందిన అదనును విడిచిపెట్టగల నిగ్రహం అక్కడ కనిపిస్తున్నది. అదే సర్గ చివర అదే దశరథుడు చూడకుండా కొడతాడు.

ఇతిహాసకర్తలకు ఈ విషయాలపై ప్రత్యక్షజ్ఞానం ఉన్నదనడానికి వాల్మీకి రామాయణంలోని రెండు ఘట్టాలు చాలు. మొదటిది మారీచవధ. రాముడి బాణం మాయలేడి గుండెను చీల్చగా, అది తాటిచెట్టంత ఎత్తు ఎగిరి నేలపై పడుతుంది. తాటిచెట్టు ఎత్తు అతిశయోక్తి కావచ్చు, కాని ఎగరడం అతిశయోక్తి కాదు. గుండెకు దెబ్బ తగిలిన జింక ఒక్కసారి పైకి దూకి, లేదా వెనుకకాళ్లు విసిరి పరుగు తీయడం విలువేటగాళ్లందరికీ తెలిసిన గుర్తు. పొట్టలో అమ్ము దిగిన జింక నడుము వంచి, మెల్లగా నడిచిపోతుంది. వాల్మీకి చెప్పిన తగిలిన చోటూ, చెప్పిన కదలికా ఒకదానికొకటి సరిపోతున్నాయి.

రెండోది దశరథుడి శబ్దవేధి. కుండలో నీరు నిండే చప్పుడును ఏనుగు చప్పుడని భ్రమించి, కంటికి కనబడని దానిపై అతడు బాణం వేశాడు. విలువేటలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. గురి ఏమిటో తెలియనప్పుడు గురి ఎక్కడ అన్న ప్రశ్నే పుట్టదు. అయితే వాల్మీకి అక్కడ ఆగలేదు. మునికుమారుడు మర్మస్థానంలో నాటిన బాణాన్ని తీయమంటాడు. ఉంచితే బాధ, తీస్తే ప్రాణం పోతుందన్న సందిగ్ధంలో దశరథుడు పడతాడు. తీయగానే ఆ బాలుడు కన్నుమూస్తాడు. సుశ్రుతుడు శారీరస్థానంలో నూటయేడు మర్మాలను ఐదు తరగతులుగా విభజించి, వాటిలో ఒకదానికి విశల్యఘ్నమని పేరు పెట్టాడు. శల్యం లోపల ఉన్నంతవరకు బ్రతికి, తీసినప్పుడు చనిపోయే చోటు అది. గాయాన్ని మూసి ఉంచిన అమ్మే నెత్తురును ఆపుతుంది. ఈ ఘట్టంలోని కరుణ ఒక శరీరసత్యం మీద నిలబడి ఉన్నది. దాన్ని గుర్తించకుండా కరుణరసపోషణ అని మాత్రమే అంటే, కవి తెలిసి చెప్పినదాన్ని మనం తెలియక చదివినట్లవుతుంది.

జాడ పట్టడం, పట్టలేకపోవడం

అమ్ము వదిలిన తరువాతి పని మరింత కష్టమైనది. జింక నిలిచిన చోటునూ, చివరిసారి కనబడిన చోటునూ గుర్తుపెట్టుకోవాలి. అమ్ము దొరికితే దానికి అంటిన నెత్తురును చదవాలి. నురుగుతో కూడిన లేత ఎరుపు ఊపిరితిత్తులకు గుర్తు. చిక్కని ముదురు ఎరుపు కాలేయానికి గుర్తు. ఆకుపచ్చని పసరుతో, దుర్వాసనతో ఉంటే అమ్ము పొట్టలో దిగిందని అర్థం. ఈ చదువును బట్టే వేచి ఉండే కాలం నిర్ణయమవుతుంది. ఛాతీలో తగిలితే అరగంట, కాలేయమైతే నాలుగు గంటలు, పొట్ట అయితే ఎనిమిది నుండి పన్నెండు గంటలు ఆగాలన్నది వారి సంప్రదాయం. ఊపిరితిత్తులు తెగిన జింక సాధారణంగా వంద, నూటయాభై గజాలలోపే పడిపోతుంది. పొట్టలో తగిలిన జింక కొంతదూరం పోయి, ఎవరూ వెంటపడకపోతే పొదలో పడుకుంటుంది. వెంటనే తరిమితే లేచి, చివరి శక్తి ఉన్నంతవరకు పరుగెత్తి, నెత్తుటి జాడ కూడా మిగలని చోటికి పోతుంది. అది చనిపోతుంది, ఎవరికీ దొరకదు. కనుక విలువేటలో ఆగడం సోమరితనం కాదు, గాయపడిన ప్రాణి పట్ల చేయవలసిన మొదటి కర్తవ్యం.

ఇప్పుడు ఆదిపర్వానికి వద్దాం. సంస్కృత భారతంలో ఈ కథ ఆస్తీకపర్వంలో రెండుసార్లు వస్తుంది. పరీక్షిత్తు ఒక మృగాన్ని కొట్టి, విల్లు చేతబట్టి దాని వెనుకనే గహనారణ్యంలోకి పోతాడు. మృగశబ్దం జంతుసామాన్యానికి చెల్లేదే అయినా, ఇక్కడ మూలం చేసిన పోలిక జింకనే సూచిస్తున్నది. యజ్ఞమృగాన్ని కొట్టి, ఆకాశంలో దాన్ని వెదుకుతూ వెంటాడిన రుద్రుడితో రాజును పోల్చారు. మృగశిరా నక్షత్రంలో ఆ లేడినీ, దాని ఒంట్లో దిగిన బాణాన్నీ చూసే సంప్రదాయం మనకు ఉన్నది. ఆ వేట ఆకాశంలో ఇప్పటికీ ముగియలేదు. ముగియని వేటకు పోలికగా ముగియని వేటనే ఎన్నుకోవడం కాకతాళీయం కాదు.

ఆ వెంటనే మూలం ఒక అసాధారణమైన మాట చెబుతుంది. పరీక్షిత్తు కొట్టిన మృగం ఏదీ అంతకుముందు ప్రాణాలతో అడవిలోకి పోలేదట. ఈసారి పోవడం అతడి స్వర్గగమనానికి ముందు తోచిన సూచనట. ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. ఒకటి, కొట్టినదాన్ని వదలకుండా చేజిక్కించుకోవడం వేటకాడికి ప్రమాణమని గ్రంథమే చెబుతున్నది. అది ఈ వ్యాసం తెచ్చిపెట్టిన నియమం కాదు. రెండు, ఆ ప్రమాణం మొదటిసారి తప్పిన క్షణాన్నే గ్రంథం అతడి మరణానికి నాందిగా గుర్తించింది. శాపం కన్నా ముందే, పాము కన్నా ముందే.

అమ్ము ఎక్కడ తగిలిందో గ్రంథం చెప్పలేదు. కాని రాజు ఆగలేదని చెప్పింది. మంత్రులు జనమేజయుడికి చెప్పిన రెండో కథనంలో వివరాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. రాజుకు అరవై ఏళ్లు. కత్తి కట్టుకొని, అమ్ములపొదితో కాలినడకన తిరిగాడు. అలసిపోయాడు, ఆకలిగొన్నాడు. మృగం మాత్రం దొరకలేదు. జాడ చదవడాన్ని గురించి, నెత్తురును గురించి, ఆగడాన్ని గురించి ఒక్క మాట లేదు. ఉన్నదంతా వెంటపడడమే. గోశాలలో కూర్చొని దూడల మూతినుండి కారే నురుగు తాగి బ్రతికే ముని కనబడినప్పుడు, తాను అభిమన్యుడి కొడుకునని చెప్పి, తన దెబ్బ తిన్న మృగం కనబడిందా అని అడుగుతాడు. అడవిలో ఎదురైనవారిని అడగడం జాడ పట్టడంలో భాగమే. అయితే జవాబు రాకపోతే మళ్లీ నేలను చూడాలి. రాజు నేలను చూడలేదు, చచ్చిన పామును చూశాడు. దాన్ని వింటికొప్పుతో ఎత్తి ముని భుజాన వేశాడు.

ఆ వింటికొప్పు కథకు కీలకం. లేడిని కొట్టిన వింటితోనే మునిని అవమానించాడు. రెండు పనులకూ పనిముట్టు ఒకటే, స్వభావమూ ఒకటే. ముని ఎందుకు మాట్లాడడంలేదో తెలుసుకునేందుకు ఆగలేదు, గాయపడిన జంతువు పడుకునేవరకు ఆగలేదు. శృంగి కూడా ఆగలేదు. కొడుకును మందలించిన శమీకుడు, రాజుకు శాపవార్త తెలపడానికి గౌరముఖుణ్ణి పంపాడు. ఈ కథలో ఆగినవాడు ఆయనొక్కడే.

నన్నయ ఆదిపర్వ ద్వితీయాశ్వాసంలో ఈ కథను సంక్షిప్తంగా, ప్రసన్నంగా నడిపినా, ఏటుపడి పారిన మృగాన్నీ, దాన్ని గురించి రాజు మునిని అడగడాన్నీ విడిచిపెట్టలేదు. కథాసంగ్రహంలో ఎన్నిటినో తగ్గించగలిగిన కవి దీన్ని నిలిపాడంటే, ఇది కథకు అవయవమే గాని ఆభరణం కాదని గ్రహించాడన్నమాట.

భాగవతంలో లేడి లేదు

భాగవతం ప్రథమస్కంధంలో ఇదే కథ మరో విధంగా వస్తుంది. రాజు విల్లు పట్టి వేటకు పోతాడు, మృగాల వెంట తిరిగి అలసిపోతాడు, ఆకలిదప్పులతో ఆశ్రమం చేరతాడు. ముని సమాధిలో ఉంటాడు. రాజు అడిగేది నీళ్లు. పోతన తెలుగులోనూ అడిగినది నీళ్లే. ఏటుపడిన మృగం కథలో నుండి మాయమైంది. ఆ స్థానంలో దప్పిక వచ్చింది.

మార్పు చిన్నదిగా కనబడుతుంది, దాని ఫలితం పెద్దది. భారతంలో రాజు అడిగినది మరొక ప్రాణిని గురించి. అతడి ప్రశ్న వెనుక తాను మొదలుపెట్టి ముగించని పని ఉన్నది. భాగవతంలో అడిగినది తన శరీరానికి కావలసినది. దాని వెనుక అతిథికి దక్కవలసిన మర్యాద ఉన్నది. మొదటిదానిలో కోపం వేటకాడి నిస్సహాయత నుండి పుట్టింది. రెండోదానిలో అవమానభావం నుండి పుట్టింది. భాగవతానికి పరీక్షిత్తు ముఖ్యంగా శ్రోత. గంగాతీరాన కూర్చొని శుకుడి నోట హరికథ వినవలసినవాడు. అతడి తప్పు ఒక క్షణపు పొరపాటుగా, పశ్చాత్తాపంతో కడిగివేయగలిగినదిగా ఉండాలి. ఎక్కడో పొదలో ప్రాణం పోక, కొట్టుకుంటున్న లేడి కథలో మిగిలితే, ఏడు దినాల శ్రవణం దానికి ఏమి సమాధానం చెబుతుందన్న ప్రశ్న మిగులుతుంది. భాగవతకర్త లేడిని తొలగించి ఆ ప్రశ్నను తొలగించాడు. ఇది లోపమని అనడంలేదు, గ్రంథప్రయోజనాన్ని బట్టి చేసిన ఎంపిక. కాని పోతన పద్యాల మాధుర్యం వల్ల తెలుగువారి మనసులో ఈ కథారూపమే బలంగా నిలిచింది. దానివల్ల నన్నయ కథను కూడా మనం లేడి లేనట్లే చదువుతున్నాం.

లేడిని తిరిగి కథలో నిలిపితే భారతంలోని మరొక సామ్యం కనిపిస్తుంది. శాపం తరువాత రాజు ఒంటిస్తంభపు మేడలో దాక్కుంటాడు. తగిలిన దెబ్బకూ వచ్చే చావుకూ మధ్య గడువు ఉన్నది. తక్షకుడు పండులో పురుగై, అతడిని వెదుక్కుంటూ వచ్చి, పట్టుకుంటాడు. వేటకాడు వేటయ్యాడు. గాయపడి పొదలో దాగి చావుకోసం ఎదురుచూసే స్థితి లేడినుండి రాజుకు బదిలీ అయింది. తేడా ఒకటే, తక్షకుడు తన వేటను పోగొట్టుకోలేదు.

వంశం చివర మరొక వేట కూడా దీనికి తోడు నిలుస్తుంది. పరీక్షిత్తును గర్భంలో కాపాడిన కృష్ణుడే జింకగా భ్రమించబడి, జరుడి అమ్ము పాదంలో తగిలి అవతారం చాలించాడు. గురి ఏమిటో తెలియక కొట్టడం జరుడి తప్పు. కాని కొట్టిన తరువాత అతడు దగ్గరకు పోయి చూశాడు, ఎవరిని కొట్టాడో గుర్తించి కాళ్లపై పడ్డాడు. మౌసలపర్వం చూపిన ఆ బోయకు తన అమ్ము ఎక్కడ దిగిందో తెలిసింది. చక్రవర్తికి తెలియలేదు.

ఒక ఆక్షేపం

నేటి విలువేట పద్ధతులతో ఇతిహాసాన్ని కొలవడం కాలవిరుద్ధం కాదా అని అడగవచ్చు. ఈ ఆక్షేపంలో కొంత బలం ఉన్నది. వేచి ఉండవలసిన గంటల లెక్క నేటివారిది. రాజు కొట్టిన లేడికి పొట్టలో తగిలిందని నిర్ధారించడానికి మనకు ఆధారం లేదు, నిర్ధారించే అవసరమూ లేదు. కాని జింక శరీరం మారలేదు. అమ్ము చంపే తీరూ మారలేదు. మారీచుడి ఎగురుపాటులోనూ, మునికుమారుడి శల్యంలోనూ ఇతిహాసకవి చూపిన పరిశీలన నేటి వేటకాడి పరిశీలనతో కలుస్తున్నది. పైగా మనకు అందుబాటులో ఉన్న ఆధారం అమెరికాలోనే లేదు. నల్లమల చెంచులకు విల్లంబులు వంశానుగతమైన ఆయుధాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట నిషిద్ధమైంది, అది అవసరమే. అయితే నేలను చదివే వారి భాషను, జాడకూ నెత్తురుకూ గిట్టల గుర్తుకూ వారు వాడే మాటలను సేకరించడం తెలుగుశాఖలు చేయదగిన పని. ఆ పదజాలం చేతిలో ఉంటే మన కావ్యాలలోని వేట ఘట్టాలకు వ్రాసిన టీకలను ఎన్నోచోట్ల సవరించుకోవచ్చు.

ముగింపు

పరీక్షిత్తు వేటాడినందుకు శపించబడలేదు. భారతం వేటను అతడి పాపంగా ఎక్కడా లెక్కకట్టలేదు. అది లెక్కపెట్టినది దెబ్బకూ, దొరకడానికీ మధ్య ఉన్న కాలాన్ని. ఆ కాలంలో మనిషి ఎలా నడుచుకున్నాడన్నదే ఈ కథలోని ధర్మవిచారణ. అమ్ము చేతినుండి వెళ్లిన తరువాత కూడా అది వేసినవాడిదే. అది దిగిన ఒళ్లు కనబడేవరకు అతడి బాధ్యత తీరదు. నన్నయ కథలో లేడిని నిలిపి, ఆ బాధ్యతను నిలిపాడు. ఆ లేడి చివరకు ఎక్కడ పడిందో ఏ కథనమూ చెప్పలేదు. జనమేజయుడు తండ్రి మరణానికి కారణాలను మంత్రులను అడిగి తెలుసుకొని, సర్పజాతినంతటినీ అగ్నికి ఆహుతి చేయబూనాడు. ఆ విచారణలో అతడు కూడా లేడిని గురించి అడగలేదు.